చేతిపనులు: పసిబిడ్డ కుళ్లాయికి ఏ నూలు?



గడచిన మాసమున మా యెదురింటి చెల్లెలొకతె సంచి నిండ దారపుటుండలు పట్టుకొని మా యింటికి వచ్చినది. ఆమె పెద్దకూతురు ఏడవ మాసమున పుట్టింటికి వచ్చియున్నది, తొలిచూలు. మనుమరాలో మనుమడో పుట్టులోపల ఒక కుళ్లాయి, రెండు జతల మేజోళ్లు, ఒక చిన్న బొంత క్రోషాసూదితో అల్లి పెట్టవలెనని ఆమె కోరిక. జనగామ పోయి యేరి యేరి కొని తెచ్చినది.

"అక్కా, చేత పట్టి చూడు, వెన్నపూస తీరుగ లేదా?" అని గులాబీరంగు ఉండ నొకదానిని నా చెంపకానించినది. నిజమే, మెత్తగానే యున్నది. వెలయు నెక్కువే. పైనున్న చీటిపై నవ్వుచున్న పసిపాప బొమ్మయు గలదు.

"దీనిని ఉతికి చూచితివా, చెల్లె?" అంటిని.

"అల్లకముందే ఉతుకుడేందక్కా!" అని ఆమె పకపక నవ్వినది.

ఆ నవ్వును బట్టియే ఈ నెల యీ విషయము వ్రాయవలెనని తోచినది. ఏలయన ఆమె యొకతెయే గాదు, మనలో ననేకులము పసిబిడ్డల కొరకు దారము కొనునపుడు అంగడిలో చెంపకానించి చూచియే కొనుచున్నాము. అంగడిలో మెత్తగ నుండుట దారమునకు గొప్ప గాదు. ఏబదిమార్లు ఉతికిన పిదప నెట్లుండునన్నదే పరీక్ష.

ఆ పూటనే ఒక గిన్నెలో గోరువెచ్చని నీరు పోసి, చిటికెడు సబ్బుపొడి కలిపి, ఆ గులాబీ ఉండనుండి రెండు మూరల దారము త్రుంచి తెల్లని పాత పంచెముక్కలో చుట్టి యందు ముంచితిమి. అర్ధగంటసేపు ముచ్చటలాడుకొని తీసి చూడగా పంచెముక్కపై గులాబీ చారలు దిగియున్నవి. నీరు పానకమువలె నున్నది. పాపము, ఆమె మొగము చిన్నబోయినది. ఆ రంగువే నాలుగుండలు కొన్నది మరి! కాని యా రంగు గిన్నెలో దిగుటయే మేలయినది. లేకున్న బిడ్డనోటిలో దిగియుండెడిది.

పెద్దవారి బట్ట వేరు, పసిబిడ్డ బట్ట వేరు. మన చీరకొంగును మనము నమలము. బిడ్డకు మూడు నాలుగు మాసములు వచ్చినది మొదలు చేతికందిన ప్రతిదియు నోటికే పోవును. బొంత అంచు, మేజోటి బొటనవ్రేలు, కుళ్లాయి కుచ్చు, అన్నియు చొంగలో నానుచుండును. బిడ్డ చర్మము మన చర్మముకంటె పలుచన. దానిపై పాలు కక్కుట, మూత్రము, నలుగుపిండి, ఒంటికి రాచిన నూనె. మా ప్రాంతపు వైశాఖ జ్యేష్ఠములలో వీనికి తోడు చెమట. ఏ పూటకాపూట ఉతుకవలసిన బట్టను ఉతుకునకు భయపడు దారముతో అల్లినచో ఏమగును? ఆ తల్లి దానిని ఉతుకక వాడును, లేదా పెట్టెలో దాచి యెన్నడును వాడదు. రెండును మన శ్రమకు తగిన ఫలము గావు.

మన పెద్దలు పురిటిబిడ్డను పాతబట్టల పొత్తిళ్లలోనే పరుండబెట్టెడివారు. తాతగారి పంచెయో, అమ్మమ్మ చీరయో చింపి సిద్ధముగ నుంచెడివారు. క్రొత్తబట్ట తొడిగినచో దిష్టి తగులునని చెప్పెడివారు. దిష్టి మాట యెట్లున్నను, అందలి తెలివి గొప్పది. నూరుమార్లు ఉతికిన నూలుబట్టలో గంజి లేదు, మిల్లువారు పూసిన మందు లేదు, ఊడవలసిన రంగంతయు నెన్నడో ఊడిపోయినది, పోగు మెత్తబడినది. నేడు అంగళ్లలో దొరకు దారములకు నిగనిగ కొరకును, మృదుత్వము కొరకును, ముడతలు పడకుండుటకును పలువిధములైన పూతలు పూయుదురు. కావున క్రొత్త దారముతో అల్లిన వస్తువును బిడ్డకు తొడుగకముందు రెండు మూడుమార్లు ఉతికి, దానిని గూడ కొంత పాతబట్టగ చేయవలెను. అట్లు ఉతుకునకు నిలుచు దారమునే కొనవలెను.

అట్టి దారము నూలు. మా చుట్టుపట్ల చేలన్నియు పత్తియే. వరంగల్లు ఎనుమాముల అంగడికి బండ్లు బండ్లుగ పోవును. 1934లో వరంగల్లున వెలసిన ఆజంజాహీ మిల్లు నేడు లేదు. మా పత్తి మరెక్కడికో పోయి దారపుటుండలై తిరిగి మా బజారునకు వచ్చుచున్నది. అది వేరు కథ. పత్తిపోగు చెమటను పీల్చును, గాలి యాడనిచ్చును. తడిసినపుడు దాని బలము తగ్గదు సరిగదా పెరుగును. అందుచేతనే చాకిరేవున బండపై బాదినను, చౌడులో ఉడికించినను నూలుబట్ట యోర్చుకొనుచుండెడిది. ఉతుకుడు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను: భూమి కొరకు దొరల నెదిరించి నిలిచిన చిట్యాల ఐలమ్మగారు మా పాలకుర్తి వారే, చాకలి ఐలమ్మయని లోకమంతయు నెరుగును. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరే పెట్టినారు. ఆమె కులవృత్తివారు ఉడికించి తెచ్చిన తెల్లని పొత్తిగుడ్డలలోనే మా యూరి బిడ్డలందరును పెరిగినారు. అట్లు ఉడికించుటకు ఉన్నియు నోర్వదు, రసాయనపు దారమును ఓర్వదు.

నూలులోను భేదములు గలవు. చేనేత యిండ్లనుండి చిలపలు తెచ్చి అల్లుదుమా యని కొందరడుగుదురు. నేతనూలునకు అంకె గలదు: 840 గజముల చిలపలు ఎన్ని కలిసి ఒక పౌను తూగునో అదియే ఆ నూలు నంబరు. కనుక నంబరు పెరిగినకొలది నూలు సన్నమగును. అయితే నేతనూలు సాధారణముగ ఒంటిపేట. ఐదారు పోగులు కలిపి పట్టి అల్లబోయినచో క్రోషాసూది కొక్కెము పోగుల నడుమ దూరి చీల్చును. ఒక పోగు జారి, ఉంగరమువలె పైకి తేలును. ఆ ఉంగరము పసిబిడ్డ వస్తువున ఎంత అపాయమో ముందు చెప్పెదను. అల్లికకు పేటలు కలిపి పురి పెట్టిన దారమే వలయును. నాలుగు పేటలు మొదలు ఎనిమిది పేటల వరకు మెత్తని పురితో దొరకును.

మన తెలుగునాట క్రోషా యనగనే నరసాపురము జ్ఞప్తికి వచ్చును. వసిష్ఠ గోదావరి యొడ్డున ఆ సీమలోని స్త్రీలకు 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు ఈ పని నేర్పిరి. వారల్లిన లేసులు దేశదేశములకు పోయినవి. 2024లో నరసాపురపు క్రోషా లేసులకు భౌగోళిక గుర్తింపు గూడ లభించినది. జర్మనీ దేశపు పండితురాలు మరియా మీస్ ఆ లేసుపనివారిని గూర్చి 1982లో ఒక గ్రంథమే ప్రకటించినది. ఇంటిపట్టున కూర్చున్న ఇల్లాండ్ర తీరిక పనిగ లోకము దానిని తలచుటచేత వారికి దక్కు కూలి యెంత స్వల్పమో ఆ గ్రంథము చూపినది. మనము మనుమలకొరకు ప్రీతితో అల్లుకొనుచున్నాము గనుక కూలి మాట యెత్తము. కాని యెవరైన అల్లియిచ్చినపుడు దారము వెలనే గాక చేతిశ్రమ వెలయు నీయవలెనని యీ సందున చెప్పుట తప్పు గాదు.

ఆ లేసుదారము మిగుల సన్ననిది, గట్టి పురి గలది. బల్లగుడ్డ అంచులకు అదియే శోభ. బిడ్డ మెడకు మాత్రము ఒరసుకొనును. కావున నరసాపురపు నూలే గొప్పదని తలచి దానితో కుళ్లాయి అల్లవలదు. మెత్తని పురిగల లావు నూలు తీసికొనవలెను. "మెర్సరైజ్డు" అని చీటిపై నున్న నూలు కొంత వెల హెచ్చు. ఇంగ్లండులో జాన్ మెర్సర్ అను నతడు నూలును కాస్టిక్ సోడా ద్రావకములో ముంచినచో పోగు ఉబ్బి బలపడునని కనిపెట్టి 1850లో హక్కు పొందెను. తరువాత దారమును బిగించి లాగి పట్టి ముంచినచో పట్టువలె మెరుపు వచ్చునని తెలిసినది. ఇట్టి నూలు రంగును గట్టిగ పట్టుకొనును, తక్కువగ కుదించుకొనును, నూగు లేవదు. అయితే చల్లగ, కొంచెము బిరుసుగ తోచును. నా మట్టుకు మేజోళ్లకు, బొంత అంచునకు ఈ నూలును, ఒంటికి తగులు కుళ్లాయికి సాదా నూలును వాడుదును.

ఉన్ని సంగతి. చలిదేశములలో పసిబిడ్డలకు ఉన్నియే ప్రధానము. మనకును మార్గశిర పుష్యములలో ఉదయపు చలి లేకపోలేదు. కాని ఉన్నిపోగుపై చేపపొలుసులవంటి పొలుసులు గలవు. వేడినీరు, సబ్బు, రాపిడి మూడును కలిసినచో ఆ పొలుసు లొకదానిలో నొకటి చిక్కుకొని వస్తువంతయు దిమ్మకట్టి చిన్నదగును. ఆరు మాసముల బిడ్డ చొక్కా బొమ్మ చొక్కాయగుట నేను కన్నులార చూచితిని. ఆ పొలుసులను అణచి "సూపర్‌వాష్" అను పేరుతో అమ్ము ఉన్ని గలదు. అది ఉతుకునకు నిలుచును, వెల మాత్రము చాల హెచ్చు. మా ప్రాంతపు గొంగడి ఉన్ని వేరు. కురుమవారు దక్కని గొఱ్ఱెల ఉన్ని వడికి, చింతగింజల గంజి పెట్టి నేయు గొంగడి వానకు చలికి కాపరుల కొంప నిలిపినది. దానిని మోకాటిపై వేసికొన్న వారికే దాని గరుకు తెలియును. మన దేశపు ముతక ఉన్ని అంతయు అట్టిదే. పసిబిడ్డ చెంపకు పనికిరాదు.

ఇక బజారులో నూటికి తొంబది వంతులు, అని నాకు తోచును, ఆక్రిలిక్ దారమే. ఉన్నివలె కనిపించును, "ఊలు" అనియే అంగడివారు పిలుతురు. దానిని పూర్తిగ నిందించుట న్యాయము గాదు. వెల చవుక. ఉతికిన కుదించుకొనదు, వేగముగ ఆరును, చిమ్మట కొట్టదు. వాషింగు మెషీనులో వేసినను చెడదు. నిరుపేద తల్లి చలికాలమున బిడ్డకు నూలుచొక్కాపై ఆక్రిలిక్ చొక్కా తొడిగినచో నేను తప్పుపట్టను. కాని యది చెమటను పీల్చదు. మన యెండలలో బిడ్డ తల ఉడికిపోయి చెమటకాయలు లేచును. రెండవది నిప్పు. మన యిండ్లలో బిడ్డకు తలంటిన పిదప నిప్పులపై సాంబ్రాణి వేసి ధూపము పట్టుట వాడుక. ఆ పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది గాదని వైద్యులు వద్దనుచున్నారు. అయినను పలుచోట్ల మానలేదు. నిప్పురవ్వ తగిలినచో నూలు కాలి బూడిదయగును. ఆక్రిలిక్ కరగి జిగటయై చర్మమున కంటుకొనును. ధూపము పట్టు ఇంట, కట్టెల పొయ్యి యున్న యింట ఆక్రిలిక్ బొంతను బిడ్డకు చుట్టరాదని నేను గట్టిగ చెప్పుదును. ఇస్త్రీపెట్టె వేడికి గూడ అది ప్రాణము పోయినట్లు వ్రేలాడును, మరల నిలువదు.

అంగడివాడు "ఇది అచ్చమైన కాటనమ్మా" అన్నమాత్రమున నమ్మనక్కరలేదు. ఇంటికి తెచ్చిన పిదప జానెడు దారము త్రుంచి, నీళ్లు పోసిన పళ్లెముపై పట్టుకారుతో పట్టి, కొన కాల్చి చూడవలెను. నూలు కాగితము కాలిన వాసనతో కాలి, వ్రేళ్ల నడుమ నలుగు బూడిద మిగుల్చును. ఉన్ని వెండ్రుకలు కాలిన వాసన వేసి, నిప్పు తీసిన వెంటనే ఆరిపోవును. ఆక్రిలిక్ కరగి, ఆరిన పిదప గట్టి నల్లపూస యగును. కలిపిన దారమైనచో రెండు గుణములును కనిపించును. ఈ పరీక్ష పిల్లలు లేనిచోట చేయవలెను.

మెరుగుల జరీపోగు కలిసినవి, కనురెప్ప వెండ్రుకలవలె కుచ్చులున్నవి, మఖమలువలె నుండు లావు దారములు, కుందేటి రోమముతోను మేకరోమముతోను చేసినవి, వీనినన్నిటిని ఒక్కమాటతో త్రోసిపుచ్చుచున్నాను. చూచుటకు మిగుల ముచ్చటైనవి ఇవియే. కాని వీని నూగు ఊడి బిడ్డ ముక్కులోను నోటిలోను పోవును. దారమును నల్లని గుడ్డపై పదిమార్లు రుద్దినచో నూగు ఎంత రాలునో తెలియును. లేత రంగైనచో నల్లగుడ్డ, ముదురు రంగైనచో తెల్లగుడ్డ.

రంగుల విషయమున తెల్లనిదియు, రంగువేయని లేతగోధుమ వన్నె నూలును అన్నిటికంటె నిరపాయము. రంగు కావలెనన్నచో లేతరంగులు మేలు. ఎరుపు, నలుపు, ముదురు నీలము ఎక్కువగ దిగునవి. కొన్ని జాతుల అజో రంగులు విడిపోయినపుడు క్యాన్సరు కలిగించు పదార్థము లేర్పడునని తెలిసి, 1990వ దశకమున భారత ప్రభుత్వము అట్టి రంగులను నూరు పైచిలుకు నిషేధించినది. అయినను పేరు ఊరు లేని చీటితో, లేదా చీటియే లేక తూకమునకు అమ్ము దారమున ఏ రంగున్నదో చెప్పగలవారెవరు? 1992లో ఐరోపాలో ఆరంభమైన "ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100" అను గుర్తు కొన్ని దారముల చీటిపై నుండును. అందు మొదటి తరగతి మూడేండ్ల లోపు పిల్లల వస్తువులకు, అన్నిటికంటె కఠినమైనది. చొంగకు, చెమటకు రంగు నిలుచునా యనికూడ అందు పరీక్షింతురు. గుర్తు ప్రక్కన సంఖ్య యుండును. దానిని ఇంటర్నెట్టులో ఆ సంస్థవారి పుటలో సరిచూచుకొనవచ్చును. "బేబీ" అను మాటకు, పాప బొమ్మకు మాత్రము అట్టి పూచీ యేమియు లేదు. పసుపుతో ఇంటనే రంగు వేయుదుమని కొందరందురు. పసుపు సబ్బు తగులగనే ఎఱ్ఱబారి, ఎండలో వెలిసిపోవును. ఆ శ్రమ వలదు.

దారము నిశ్చయించుకొన్న పిదప వెంటనే కుళ్లాయి మొదలుపెట్టక, అదే సూదితో 10 సెంటీమీటర్ల చదరపు ముక్క నొకదానిని అల్లి, కొలత వ్రాసికొని, బిడ్డ బట్టలు ఉతుకు తీరుననే మూడుమార్లు ఉతికి ఆరవేసి మరల కొలువవలెను. అర సెంటీమీటరు తగ్గిన, కుళ్లాయిని ఆ మేరకు పెద్దదిగ అల్లుకొనవచ్చును. అంతకు మిక్కిలి తగ్గినను, వంకరపోయినను, ఆ దారము మానుకొనుట మేలు. ఒక పూట పని. పది దినముల అల్లికను కాపాడును. నెలలు నిండిన బిడ్డ తలచుట్టు సుమారు 34 సెంటీమీటర్లుండును. కుళ్లాయికి 40 గ్రాముల నూలు, బారెడు లోపు చదరపు బొంతకు 400 గ్రాముల నూలు సాధారణముగ సరిపోవును. ఒకే రంగుముంత నూలు ఒకేమారు కొనవలెను. మరల పోయినచో ఆ వన్నె దొరకదు.

ఇందాక ఉంగరము మాట చెప్పుదునంటిని. పసిబిడ్డ వ్రేలు అగ్గిపుల్లంత. మేజోటి లోపల తేలిన పోగు ఉంగరములో ఆ వ్రేలు దూరి, బిడ్డ తన్నుకొనుకొలది బిగియును. రక్తము ఆగి వ్రేలు ఉబ్బి నల్లబడును. తల్లి వెండ్రుక చుట్టుకొన్నను ఇట్లే జరుగునని వైద్యులకు బాగుగ తెలిసిన విషయము. బిడ్డ ఊరక గుక్కపట్టి యేడ్చుచుండ కడుపునొప్పియని వాము నీళ్లు పోయుచు కూర్చుండక, ముందు మేజోళ్లు విప్పి ప్రతి వ్రేలును చూడవలెను. అల్లునపుడు జాలి అల్లిక, పెద్ద రంధ్రముల అల్లిక బిడ్డ వస్తువులకు మాని, దగ్గరి కుట్టుతో అల్లవలెను. మేజోటిని తిరుగవేసి లోపలి వైపు వ్రేలితో తడిమి, తేలిన పోగున్నచో పైవైపునకు లాగి కుట్టవలెను. దారపు కొనలు ముడివేసి కత్తిరించుట చాలదు. రెండు అంగుళములు అల్లికలోనే అటునిటు పోనిచ్చి దాచవలెను. బొత్తాములు, పూసలు, కుచ్చుబంతులు వలదు. ఊడిన నోటికే పోవును. మెడ క్రింద ముడివేయు త్రాళ్లును వలదు. బిడ్డ నిదురించునపుడు తొట్టెలో వదులైన బొంతగాని, మొగముపైకి జారు కుళ్లాయిగాని ఉండరాదని శిశువైద్యులు చెప్పుచున్నారు. మనమల్లిన బొంత ఒడిలో వేసికొనుటకును, నేలపై పరచి బిడ్డను బోర్ల పండబెట్టి ఆడించుటకును.

ఉతుకుట సులభమే. మా బోరునీరు ఉప్పన. సబ్బు నురుగు రాక విరిగి, ఆ తెట్టె నూలులో చేరి బట్టను అట్టవలె చేయును. నల్లానీరు వచ్చు పూట బిడ్డబట్టలు ఉతుకుట మేలు. సబ్బు కొంచెముగ వాడి, మూడు నీళ్లలో జాడింపవలెను. మెత్తదనము కొరకు అంగడిలో నమ్ము ద్రవములు నూలు పీల్చుగుణమును తగ్గించును, అవి వలదు. ఉన్నికి కుంకుడురసము మేలు, సోడా చౌడు తగులరాదు. అల్లిన నూలుబొంత తడిసిన మిక్కిలి బరువెక్కును. దండెముపై వేసినచో సాగి చాటంతది చాపంత యగును. తువ్వాలులో చుట్టి నీరు పిండి నులకమంచముపై పరచి ఆరవేయవలెను. తెల్లనిది ఎండలో, రంగుది నీడలో.

ఒక్క సంగతి మిగిలినది. దీనిని మాత్రము ఎవరును తేలికగ తీసికొనరాదని ప్రార్థన. పెద్దబిడ్డ కుళ్లాయిలు, బొంతలు పెట్టెలో దాచునపుడు చిమ్మటల భయముతో నాఫ్తలీను గోళీలు వేయుదురు. రెండేండ్లకు మరొక బిడ్డ పుట్టగనే తీసి, దులిపి తొడుగుదురు. కొందరు బిడ్డల రక్తములో "జీ6పీడీ" అను పదార్థము పుట్టుకతోనే కొరతగ నుండును. మన దేశమున ఇట్టివారు అరుదు గారు, పైకి తెలియదు. ఆ గోళీల ఆవిరి పట్టిన బట్టలు తగిలినచో అట్టి బిడ్డల ఎఱ్ఱకణములు పగిలి, కామెర్లు తీవ్రమై మెదడునకు హాని కలుగవచ్చును. ప్రాణాపాయము గూడ కలదు. ఉతికినను ఆ వాసన వదలుట కష్టము. బిడ్డ బట్టలున్న పెట్టెలో ఈ గోళీలు వేయనే కూడదు. నూలు వస్తువులను చక్కగ ఉతికి, ఎండబెట్టి, ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి పెట్టినచో చాలును. అసలు చిమ్మట ఉన్నిని కొట్టునుగాని శుభ్రమైన నూలును అంతగ ముట్టదు. నూలును మెచ్చుకొనుటకు ఇదియు నొక కారణము.

మా యెదురింటి చెల్లెలు ఆ గులాబీ ఉండలను పారవేయలేదు. కూతురి పెట్టెపై కప్పుటకు గుడ్డ అల్లుకొనుచున్నది. బిడ్డకొరకు వేరుగ తెల్లని ఆరుపేటల నూలు తెచ్చి, ముక్క అల్లి, మూడుమార్లు ఉతికి మొన్న కొలిచి చూపినది: పది సెంటీమీటర్లు తొమ్మిదిన్నర అయినది. అంచునకు లేత నీలపు మెర్సరైజ్డు నూలు గిన్నెలో నానవేసి యున్నది. "రేపు పొద్దున చూతమక్కా, రంగు దిగకుంటేనే మొదలువెడుత" అనినది.